శుక్రవారం మొదటిసారి ఒంటరి ప్రయాణం. బ్యాగు సర్దాను, మనసే కుదుటపడట్లేదు

అర్ధరాత్రి_బ్యాగు | సోమవారం, రాత్రి 1:40

ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను ఫోను పట్టుకుని ఇక్కడ తేలాను. శుక్రవారం పొద్దున నా ప్రయాణం. ఆరు రోజులు, ఒక్కదాన్నే. నాకు 34 ఏళ్లు. ఇప్పటిదాకా పక్కన మనవాళ్లెవరూ లేకుండా ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. టికెట్టు కొన్న రోజు గంతులేశాను. అప్పటికింకా రెండు నెలల టైముంది కదా, ధైర్యానికేం తక్కువ.

ఇప్పుడు నా అవస్థ చూడండి. బ్యాగు మూడుసార్లు సర్ది మూడుసార్లు విప్పాను. టూత్‌బ్రష్షు రాత్రి బ్యాగులో పెడతాను, పొద్దున బయటికి తీస్తాను, మళ్లీ పెడతాను. తిండి సయించట్లేదు. కడుపులో దేవినట్టు ఉంటోంది. నిన్న రాత్రి టికెట్ రద్దు చేసే పేజీ తెరిచి, బటన్ మీద వేలు ఆనించి, అలాగే నిద్రపోయాను. పొద్దున లేచేసరికి ఫోను ఛార్జింగ్ అయిపోయి ఉంది, లేకపోతే ఏమయ్యేదో.

జాగ్రత్తల జాబితాలు మాత్రం దయచేసి వద్దు. బోలెడు చదివాను. చదివినకొద్దీ నాకు అంతకుముందు లేని భయాలు కూడా పట్టుకున్నాయి. ఈ నాలుగు రోజులూ ఈ గుండెని ఎలా ఊరుకోబెట్టాలో చెప్పండి చాలు. ఊరి పేరు చెప్పట్లేదు, ఏమనుకోకండి. సముద్రం ఉంటుంది.

కిటికీసీటు | రాత్రి 1:58

ఊరి పేరు చెప్పకపోవడమే మంచిది. ఊరు, తేదీ, ఒంటరిగా అన్న మాట, మూడూ ఒకేచోట ఎప్పుడూ రాయకండి. తిరిగొచ్చాక ఫొటోలు ఎన్నయినా పెట్టుకోవచ్చు. జాగ్రత్తలు వద్దన్నారు కదా, ఇదొక్కటే, ఇక చెప్పను.

నేను పదకొండుసార్లు ఒంటరిగా వెళ్లొచ్చాను. పదకొండుసార్లూ బయల్దేరడానికి రెండు రోజుల ముందు నుంచి మనిషిని కాను. తాళంచెవి ఎక్కడ పెట్టి చచ్చారని నేను అరిచానంటే 'దీనికి ప్రయాణం దగ్గరపడింది' అని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. ఇన్నిసార్లు వెళ్లినా గుబులేమీ తగ్గలేదు. కాకపోతే అదెప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో నాకు తెలిసిపోయింది. గుమ్మం దాటినప్పటి నుంచి సీట్లో కూర్చునేదాకా నాకు నరకం. కూర్చుని బ్యాగు కాళ్ల కింద తోసుకోగానే పోతుంది. అంత గోలా చేసింది నేనేనా అనిపిస్తుంది.

రేపు పగలు ఒక కాగితం తీసుకుని మీ భయాలన్నీ రాయండి. రాత్రి మాత్రం వద్దు, ఈ వేళప్పుడు గోరంత కూడా కొండంత అయి కూర్చుంటుంది. ఒక్కో దాని పక్కన 'దీనికి నేను చేయగలిగిన పని ఏదైనా ఉందా' అని రాసుకోండి. ఉంటే ఆ పని చేసేసి కొట్టేయండి. ఏ పనీ లేనివి కొన్ని మిగులుతాయి. ఆ లిస్టు ఇక్కడ పెట్టండి, తలా ఒకటి పంచుకుంటాం.

నైట్‌డ్యూటీ_నర్సు | రాత్రి 3:15

వార్డు ఇప్పుడే కాస్త సద్దుమణిగింది, అందుకే ఈ టైములో.

కడుపులో దేవడం, మాటిమాటికీ బాత్రూముకి పరిగెత్తడం, చేతులు చల్లబడటం, ఇవన్నీ అడ్రినలిన్ చేసే పనులు. ఒంట్లో ఆ హార్మోను పెరిగితే రక్తం జీర్ణకోశం వైపు తగ్గి కండరాల వైపు మళ్లుతుంది. పరిగెత్తడానికో, పోట్లాడటానికో శరీరం సిద్ధమవుతోందన్నమాట. మీరేమో మంచం మీద పడుకుని ఉన్నారు. ఆ తయారీ అంతా ఎటు పోవాలి? కడుపులో సుడి తిరుగుతుంది. అంతేగానీ ముందు ఏదో జరగబోతోందనడానికి అది గుర్తేమీ కాదు.

ఊపిరి సంగతి చెప్తాను. 'గట్టిగా ఊపిరి పీల్చుకో' అని అందరూ అంటారు కదా, అది సగం సలహానే. గుండె నెమ్మదించేది ఊపిరి వదిలేటప్పుడు. అందుకని పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ముక్కుతో ఒకసారి పీల్చి, వదలకుండా దాని మీద ఇంకో చిన్న దమ్ము పీల్చి, నోటితో మెల్లగా, వీలైనంత సేపు వదలండి. ఇదే పద్ధతి రోజుకి ఐదు నిమిషాలు, నెల రోజుల పాటు చేయించి స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2023లో ఫలితాలు ప్రచురించారు. ధ్యానం చేసినవాళ్లకంటే వీళ్ల మనసు ఎక్కువ తేలికపడిందట. రాత్రి డ్యూటీలో లిఫ్టులో నిలబడి నేను కూడా చేస్తాను. ఎవరూ పట్టించుకోరు, పెద్ద నిట్టూర్పులా కనిపిస్తుందంతే.

ఇంకోటి, కాఫీ. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి దానికి రెట్టింపు పట్టొచ్చు, ఈ ముక్క చాలామందికి తెలియదు. సాయంత్రం ఆరింటికి తాగి రాత్రి ఒంటిగంటకి గుండె దడదడలాడుతోందంటే ఆ దడ మొత్తం భయానిదే కాకపోవచ్చు.

గడుసుపిల్ల | సోమవారం, ఉదయం 8:05

అక్కా, టూత్‌బ్రష్షు దగ్గర నవ్వాపుకోలేకపోయాను, సారీ. నేను ఫోను ఛార్జర్‌తో అదే పని చేశాను.

మీకు తోడుగా ఇద్దరి కథ చెప్తాను. 1889 నవంబర్ 14న నెల్లీ బ్లై అనే అమెరికా విలేకరి భూమి చుట్టూ తిరిగి రావడానికి న్యూయార్క్ పక్కనే ఉన్న హోబోకెన్ నుంచి ఓడెక్కింది. ఒక్కతే, చేతిలో ఒకే ఒక్క చిన్న బ్యాగు. అందులో ఆవిడ ప్రాణం తీసింది ఏంటంటే ఒక క్రీము సీసా. దాన్ని లోపల పట్టించి బ్యాగు మూత వేయడం రోజూ ఒక యుద్ధమేనట. తుపాకీ పట్టుకెళ్లమని ఎవరో చెబితే వద్దంది. ఓడ కదిలీ కదలగానే వాంతి వచ్చి రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తితే, వెనకాల ఎవరో 'ఈవిడ ప్రపంచం చుట్టొస్తుందట!' అని ఎగతాళి చేశాడు. 72 రోజుల్లో తిరిగొచ్చింది.

రెండో ఆవిడ ఎలిజబెత్ బిస్లండ్. నాకు ఈవిడంటేనే ఇష్టం. అదే రోజు పొద్దున ఆవిడ పనిచేసే పత్రికవాళ్లు ఆఫీసుకి పిలిచి, నెల్లీకి పోటీగా నువ్వు పడమర వైపు నుంచి భూమి చుట్టు, సాయంత్రం ఆరింటికి రైలు అన్నారు. రేపు మా ఇంటికి టీకి చుట్టాలొస్తున్నారు, నేను వెళ్లను అంది పాపం. అయినా ఎక్కించేశారు. 76 రోజుల్లో వచ్చింది. భయపడదామన్నా ఆవిడకి టైము ఇవ్వలేదు. మీ అసలు సమస్య ఆ రెండు నెలలే అక్కా.

సూటిగా_చెప్తా | ఉదయం 9:30

అందరూ వెళ్లు వెళ్లు అంటున్నారు. నేను వేరే మాట చెప్తాను. తిండి మానేసి, నిద్ర మానేసి ఇంత అవస్థ పడుతూ వెళ్లడం దేనికి? విహారయాత్రే కదా, పరీక్ష కాదు. మనసు వద్దంటోందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, లేదా మానేయండి. ఆడవాళ్లకి బయట ఏం జరుగుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం.

వానకాలం | ఉదయం 10:12

సూటిగా_చెప్తా గారూ, మీ మాటలో ఒకటి నిజం, ఒకటి కాదు. ఆడది ఒంటరిగా వెళ్లేటప్పుడు భయపడటం వట్టి ఊహ కాదు. 'అదంతా నీ మనసులోనే ఉంది' అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అయితే మనసు వద్దంటోందని చెప్పి మానేయాలా అన్న చోట నాకు పేచీ.

నాలుగేళ్ల కిందటి సంగతి. ఒక బస్సు స్టాండులో నా వయసు ఆవిడే ఒకామె వచ్చి చాలా మర్యాదగా, మీ హోటలు మా దారిలోనే, మా కారులో దింపుతాం అంది. నవ్వు మొహం. పక్కన చంటిపిల్ల. ఏ లోపమూ చూపించలేను. కానీ నా మెడ వెనక జివ్వుమంది. నేను హోటలు పేరు చెప్పకముందే 'మా దారిలోనే' ఎలా అందీ అని అర నిమిషం తర్వాత తట్టింది. ఒళ్లు ముందే పట్టేసింది, బుర్ర తర్వాత అందుకుంది. వద్దండీ అని చెప్పి టికెట్ కౌంటర్ ముందుకెళ్లి నిలబడ్డాను. ఆవిడ నిజంగా మంచిదే అయ్యుండొచ్చు. అయితే ఏం?

ఇదీ నేను చూసే తేడా. ఎదురుగా ఒక మనిషో, ఒక గదో, ఒక వీధో ఉండి, దాన్ని చూసి జంకు పుడితే మారు మాట్లాడకుండా వినాలి. మర్యాద పోతుందని ఆగక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నప్పుడు వచ్చే గుబులు అలాంటిది కాదు. అక్కడ చూడటానికి ఎదురుగా ఏమీ లేదు, దానికి తెలిసింది కూడా ఏమీ లేదు. బ్యాగు గారూ, ఆ ఊళ్లో దిగాక జంకితే దాని మాట వినండి. సోమవారం రాత్రి ఒంటిగంటకి జంకితే మాత్రం పక్కకి తిరిగి పడుకోండి.

సూటిగా_చెప్తా | ఉదయం 10:40

సరే, హోటలు పేరు సంగతి నాకూ జివ్వుమనిపించింది. తోడు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

అర్ధరాత్రి_బ్యాగు | సోమవారం, మధ్యాహ్నం 2:20

తోడు అడిగానండీ. ఇద్దరిని. ఇద్దరికీ కుదరలేదు. మూడేళ్లుగా ఎవరికో ఒకరికి కుదరక ఈ ప్రయాణం వాయిదా పడుతూనే ఉంది, అందుకే ఈసారి అడగడం మానేశాను.

కిటికీసీటు చెప్పినట్టు పగలు రాశాను. పేజీలు నిండుతాయనుకున్నాను. రాస్తే ఐదే వచ్చాయి, సిగ్గేసింది.

నేను దిగేది రాత్రి 9:40కి, చీకట్లో కొత్త చోట హోటలు వెతుక్కోవాలి. ఫోను చచ్చిపోతే ఏం చేయాలి. రాత్రి ఎవరైనా తలుపు కొడితే. హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని తినడం. ఐదోది ఏం రాశానంటే, 'ఏదో అవుతుంది'. అదేంటో ఎంతసేపు ఆలోచించినా అంతకుమించి రాయలేకపోయాను.

కిటికీసీటు | మధ్యాహ్నం 2:51

మొదటిది నాకు వదిలేయండి. పగలు దిగే బస్సుకి మార్చుకోవడానికి వీలుంటే ఈరోజే మార్చుకోండి, కాస్త డబ్బు పోయినా సరే. కొత్త ఊరు మొదటిసారి వెలుతురులో చూడటానికీ చీకట్లో చూడటానికీ చాలా తేడా. కుదరకపోతే హోటలుకి ఫోన్ చేసి బండి పంపమనండి. డ్రైవరు పేరు, బండి నంబరు ముందే పంపమనండి. దిగాక 'ఎవరి కోసం వచ్చావు' అని మీరు అడగాలి, మీ పేరు అతను చెప్పాలి. మీరు ముందు చెప్పకూడదు.

పాత_సూట్‌కేస్ | మధ్యాహ్నం 3:30

ఫోను: 20,000 మిల్లీ ఆంప్ అవర్స్ పవర్ బ్యాంకు ఒకటి చాలు. విమానంలో దాన్ని చేతి సామానులోనే ఉంచాలి, లోపల వేసే సామానులో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్స్ లోపు ఉంటే మామూలుగా విడిగా అనుమతి అక్కర్లేదు, ఇది 74 దగ్గర ఉంటుంది. కేబుల్ రెండు పెట్టుకోండి, చచ్చేది ఎప్పుడూ కేబులే.

దానికంటే ముఖ్యం కాగితం. హోటలు చిరునామా, ఇంటి నంబరు, ఆ చోటి పోలీసు, అంబులెన్సు నంబరు పెన్నుతో రాసి పర్సులో ఒకటి, బ్యాగులో ఒకటి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది, అయినా వెళ్లే చోటిది చూసి రాసుకోండి. మ్యాపు ఫోన్లో దించుకుంటే నెట్టు లేకపోయినా కనిపిస్తుంది. డబ్బు రెండు చోట్ల.

తలుపు: రెండో గడియ లేని గదికైతే రబ్బరు ఆపు ఒకటి కొని తలుపు కింద దూర్చండి. తలుపు లోపలికి తెరుచుకుంటేనే అది పనికొస్తుంది. బయటికి తెరుచుకునే తలుపుకి పెట్టి నిశ్చింతగా పడుకున్నదాన్ని నేను. రెండు రాత్రుల తర్వాత తెలిసింది.

వానకాలం | మధ్యాహ్నం 3:44

తలుపు కొడితే తీయాలని రూలేమీ లేదని కూడా చెప్పండి. లోపల నుంచే 'ఎవరు, ఏం కావాలి' అని అడగండి, రిసెప్షన్‌కి ఫోన్ చేసి మీరు పంపారా అనండి. మనం అడుగుతున్నామని వాళ్లు నొచ్చుకోరు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. చెక్-ఇన్ అప్పుడు గది నంబరు గట్టిగా చదివితే వేరే గది అడగండి, నంబరు కాగితం మీద రాసివ్వమనండి.

అర్ధరాత్రి_బ్యాగు | మధ్యాహ్నం 4:10

జాబితాలు వద్దన్నదాన్ని, చివరికి జాబితాలే తీసుకుంటున్నాను చూడండి. కానీ ఇవి నేను అడిగినవాటికి జవాబులు కదా, మింగుడుపడుతున్నాయి. బస్సు మార్చాను. ఇప్పుడు దిగేది సాయంత్రం 4:30కి.

ఇద్దరు_పిల్లల_అమ్మ | సోమవారం, సాయంత్రం 6:25

నేను రెండో ఒడ్డున ఉన్నదాన్ని. మా పెద్దమ్మాయి ఒంటరిగా తిరుగుతుంది, ఇంట్లో కూర్చుని వణికేది నేను. మొదటిసారి వెళ్లినప్పుడు గంటగంటకీ ఫోన్ చేశాను. మూడో రోజు అది ఏడ్చేసింది. 'అమ్మా, నేను బాగానే ఉన్నాను, నీ ఫోను చూస్తేనే భయమేస్తోంది' అంది. తల్లిగా నాకది చెంపదెబ్బే.

ఇప్పుడు మా ఒప్పందం ఇది. పొద్దున తొమ్మిదికి ఒక మెసేజి, రాత్రి తొమ్మిదికి ఒకటి. అంతకుమించి అది చేస్తే సంతోషం, నేను చేయను. రాత్రి మెసేజి పదకొండింటికి కూడా రాకపోతే ముందు దానికి ఫోను, తర్వాత హోటలుకి ఫోను, ఆ తర్వాతే ఎవరినైనా కంగారుపెట్టడం. ఈ వరస కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. ఒకసారి నిజంగానే పదకొండు దాటింది. చేతులు వణుకుతూనే వరస ప్రకారం వెళ్లాను. అది ఫోను పక్కన పెట్టుకుని నిద్రపోయింది, హోటలు వాళ్లు లేపారు.

తల్లీ, మీ ఇంట్లోవాళ్లతో ఇలాంటిది ముందే మాట్లాడుకోండి. వాళ్ల కంగారు కూడా మీరే మోస్తున్నారేమో చూసుకోండి.

అర్ధరాత్రి_బ్యాగు | సాయంత్రం 7:02

అమ్మా, ఈ చివరి మాటకి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఐదోదాంట్లో సగం మా ఇంట్లోవాళ్లదే. వారం నుంచి ఎవరో ఒకరు ఏదో ఒక వార్త పంపుతూనే ఉన్నారు, ప్రేమతోనే అనుకోండి. ఈ రాత్రికి ఆ గ్రూపు మూగబోతుంది.

స్టేజి_వెనక | మంగళవారం, ఉదయం 7:50

నేను పాడతాను, అందుకని ఈ కడుపులో సుడితోనే నా బతుకు. 'ఏం కాదు, ఏం కాదు, నెమ్మది' అని ఎన్నేళ్లు చెప్పుకున్నానో, ఎప్పుడూ పనిచేయలేదు. 2014లో హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ పాడేవాళ్ల మీద, ఉపన్యాసం ఇచ్చేవాళ్ల మీద, లెక్కలు చేసేవాళ్ల మీద ఒక ప్రయోగం చేసింది. మొదలుపెట్టే ముందు 'నాకు ఉత్సాహంగా ఉంది' అని అనుకున్నవాళ్లు, 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నవాళ్లకంటే బాగా చేశారు. పరిగెత్తే గుండెని ఆపడం కష్టం, దాని పేరు మార్చడం తేలిక. గుండె కొట్టుకోవడం రెండింటికీ ఒకటే కదా.

గడుసుపిల్ల | ఉదయం 8:20

ఇప్పుడే అద్దం ముందు నిలబడి గట్టిగా అన్నాను. మా ఇంట్లో పిల్లి లేచి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

స్టేజి_వెనక | ఉదయం 8:31

పిల్లికి పాట కూడా నచ్చదు, వదిలేయండి. మనసులో అనుకున్నా చాలు.

నైట్‌డ్యూటీ_నర్సు | మంగళవారం, రాత్రి 11:40

నిద్ర సంగతి చెప్పడం మరిచాను. 2018లో అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందిని ల్యాబులో పడుకోబెట్టారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు, సగం మంది రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు, సగం మంది అప్పటికే అయిపోయినవి రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు దాదాపు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. రాత్రి భయాలు రాయొద్దని కిటికీసీటు అన్నది నిజమే, పనులు మాత్రం రాసి పడుకోండి.

అక్కడికెళ్లాక మొదటి రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రం అయ్యో నేను దీనికి పనికిరాను అనుకోవద్దు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడివైపంత గాఢంగా నిద్రపోదు, చిన్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో చూపించారు. అందుకని శనివారం పొద్దున ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.

ఇంకా ఒక్కటి, ఇది గట్టిగా చెప్తున్నాను. ఎవరో ఇచ్చారని ఆందోళనకి మాత్రలు మొదటిసారి ప్రయాణం రోజున వేసుకోవద్దు. వాంతులు రాకుండా వేసుకునే మాత్రల్లో కూడా చాలావాటికి మత్తు ఉంటుంది. డాక్టరు రాసినవైనా ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి వేసి చూసుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మగతగా ఉండటం మీరు అస్సలు కోరుకోరు. ఒకవేళ గాబరా ఒక్కసారిగా ముంచుకొస్తే, గుండె పట్టేసి చచ్చిపోతానేమో అనిపించేంతగా వస్తే, అది మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి దిగడం మొదలవుతుంది. కూర్చుని ఊపిరి వదలండి. మాటిమాటికీ వస్తున్నా, వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఇలా ఇక్కడ అడగడం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఛాతీ నొప్పి వస్తే పది నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోకండి, సాయం పిలవండి.

కిటికీసీటు | బుధవారం, ఉదయం 9:15

నాలుగోది ఎవరూ ముట్టుకోలేదు, ఒంటరిగా తినడం. నవ్వకండి, నాకు చాలాకాలం అదే పెద్ద గండం. అర్ధరాత్రి స్టేషన్లో దిగడానికి జంకలేదు గానీ, నలుగురి మధ్య ఒక్కదాన్ని కూర్చుని తినాలంటే గదికి పార్శిల్ తెచ్చుకునేదాన్ని. బ్యాగు గారూ, ఈ రోజు మీ ఊళ్లోనే ఒకసారి చేసి చూడండి. రద్దీ లేని టైములో, గోడ పక్క సీటు. ఫోను బ్యాగులో.

అర్ధరాత్రి_బ్యాగు | బుధవారం, సాయంత్రం 5:40

వెళ్లొచ్చాను. మూడున్నరకి. ముగ్గురే ఉన్నారు లోపల.

నలుగురు కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నాను. సర్వర్ వచ్చి రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, 'ఇంకెవరైనా వస్తారా అమ్మా?' అన్నాడు. 'లేదు, ఒక్కదాన్నే' అన్నాను. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చింది. అతను ఎదురుగా ఉన్న గ్లాసు ఎత్తి పట్టుకెళ్లిపోయాడు. ఆ గ్లాసు లేచిన చోట బల్ల మీద గుండ్రంగా తడి మరక మిగిలింది. ఆ మరక ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఫోను తీయలేదు, ఒట్టు. మొదటి పది నిమిషాలు అందరూ నన్నే చూస్తున్నట్టు. తర్వాత నేను వాళ్లని చూడటం మొదలుపెట్టాను. పక్క బల్ల దగ్గర పెద్దాయన వార్తాపత్రికలో గళ్లనుడికట్టు నింపుతూ, తట్టనప్పుడల్లా పెన్ను చెవిలో తిప్పుకుంటున్నాడు. ఆయన కూడా ఒక్కడే. ఆయన సంగతి ఎవరికీ పట్టలేదు, మరి నా సంగతి మాత్రం ఎందుకు పడుతుంది?

వారం తర్వాత కడుపు నిండా తిన్నాను.

సూటిగా_చెప్తా | బుధవారం, సాయంత్రం 6:15

పెన్ను చెవిలో పెట్టుకోకూడదు, ఇన్ఫెక్షన్ వస్తుంది.

(వెళ్లిరండి. జాగ్రత్త.)

అర్ధరాత్రి_బ్యాగు | శుక్రవారం, ఉదయం 5:55

బయల్దేరాను. గుమ్మం దగ్గర నిలబడి ఇది రాస్తున్నాను. కిటికీసీటు, మీరు చెప్పిన ఘోరమైన సమయం ఇదే. కాళ్లు చల్లగా ఉన్నాయి. రెండు దమ్ములు పీల్చి వదిలాను, నాలుగుసార్లు. ఉత్సాహంగా ఉందని కూడా అనుకున్నాను, పచ్చి అబద్ధం. బండి వచ్చింది.

కిటికీసీటు | ఉదయం 5:58

సీట్లో కూర్చున్నాక చుక్క పెట్టండి చాలు.

అర్ధరాత్రి_బ్యాగు | ఉదయం 7:31

.

అర్ధరాత్రి_బ్యాగు | శనివారం, ఉదయం 10:20

ఇక్కడ ఉన్నాను. ఊరు ఇంకా చెప్పను.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. దిగినప్పుడు వెలుతురు ఉంది, బండి వచ్చింది, డ్రైవరు నా పేరు చెప్పాడు. గదిలోకి వచ్చి తలుపేసుకున్నాక, అంతా బాగానే ఉండగా, బాత్రూములో నేల మీద కూర్చుని పావుగంట ఏడ్చాను. ఎందుకో తెలియదు. రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. నా ప్రాణం పైకిపోయింది. లేవకుండానే 'ఎవరు?' అన్నాను. 'టవల్స్ మేడమ్' అన్నారు. నేను అడగలేదు. రిసెప్షన్‌కి ఫోన్ చేశాను. పక్క గదికి పంపారట, అబ్బాయి పొరబడ్డాడట. సారీ చెప్పారు. తలుపు తీయలేదు. మళ్లీ పడుకోవడానికి రెండయింది, నర్సు గారి ఎడమ సగం తన డ్యూటీ బాగానే చేసింది. రాత్రి తొమ్మిదికీ పొద్దున తొమ్మిదికీ ఇంటికి మెసేజీలు వెళ్లాయి.

ఐదో భయం కూడా నాతోనే వచ్చినట్టుంది. కాకపోతే పొద్దున నుంచి దాన్ని పలకరించడానికి తీరికలేదు. ఎందుకంటే లేచి బ్యాగు మొత్తం కుమ్మరించినా టూత్‌బ్రష్షు కనబడలేదు. నాలుగు రోజులు పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి ఇంట్లో సింకు పక్కనే వదిలేసి వచ్చాను. ఈ ఊళ్లో నేను తెలియనివాళ్లతో మాట్లాడిన మొదటి మాట 'బ్రష్షు ఉందా అండీ'.

గడుసుపిల్ల | ఉదయం 10:26

హహహ. ఏ రంగు కొన్నారు అక్కా?

అర్ధరాత్రి_బ్యాగు | ఉదయం 10:29

పసుపు. పిల్లల సైజే ఉంది. దానికి ఏనుగు బొమ్మ కూడా ఉంది.